తెర మీది దఫేదారు

ఉప్పుటేరు గట్ల పరిరక్షణ మండలిలో ఉత్తరాలు చాలా త్వరగా వెళ్లిపోతున్నాయన్న సంగతి తొమ్మిదేళ్లపాటు ఎవరి దృష్టికీ రాలేదు.

తప్పు చెల్లూరి సత్యవేణిది. కాకినాడలో మండలి వారి మేడ మీద, పాత రికార్డుల గదిని ఆనుకుని ఒక చిన్న కొట్టు ఉంది. అందులో ఒక సర్వరు, సర్వరు ముందు ఒక నల్ల తెర, తెర ముందు సత్యవేణి. జిల్లాలో ఏ గట్టు దగ్గర నుంచి మెయిలు వచ్చినా ఆ సర్వరులోనే పడాలి. ఆవిడ నల్ల తెర మీద నాలుగు ముక్కలు కొట్టి దాన్ని తెరిచేది, అచ్చు తీసేది, తపాలు పంచే దఫేదారు సింహాద్రి చేతిలో పెట్టేది. అధికారులు కాగితం మీద గిలికి ఇచ్చిన జవాబును తిరిగి కొట్టి పంపేది. అది కన్ను మూసి తెరిచేలోగా అవతలి వాళ్లకి చేరిపోయేది. ఇంత జరుగుతున్నా చప్పుడు కాదు గనక ఎవరికీ అనుమానం రాలేదు.

పైగా ఆవిడ కాంట్రాక్టు మనిషి. ఎనభై తొమ్మిది రోజులకోసారి కాగితం మారుస్తారు, మనిషిని మార్చరు. తొమ్మిదేళ్లలో ఆవిడ కోరుకున్నది మేడలూ మిద్దెలూ కాదు. జ్వరం వస్తే జీతం తెగకుండా నాలుగు రోజులు పడుకోవాలని కోరుకుంది. అందుకు పర్మినెంటు కావాలి. మండలిలో ఖాళీ పోస్టు ఉన్నది ఒక్కటే. వచ్చే ఏడాది జులైతో సత్యవేణికి వయోపరిమితి దాటిపోతుంది. ఆ తరవాత పోస్టు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఇలా ఉండగా మండలి డైరెక్టరు శేషావతారం గారు మూడు రోజుల శిక్షణకి వెళ్లి వచ్చారు. వెళ్లేటప్పుడు మామూలుగానే వెళ్లారు. వచ్చేటప్పుడు ఒక సంచీ, ఒక పెన్ను, ఒక ఆశయం తెచ్చుకున్నారు. సంచీ ఇంట్లో కూరగాయలకి పనికొచ్చింది. పెన్ను రాయలేదు. ఆశయం ఒక్కటీ ఆఫీసుకు వచ్చింది.

"మనం ఇంకా నల్ల తెరల అంధకారంలో కొట్టుమిట్టాడుతున్నాం" అన్నారాయన, సిబ్బందినందరినీ హాల్లో నిలబెట్టి. "ప్రతి అధికారి బల్ల మీదా రంగుల తెరలో, మౌసుతో నొక్కగానే విచ్చుకునే మెయిలు క్లయింటును నెలకొల్పవలసిన చారిత్రక ఆవశ్యకత ఏర్పడింది. దానికి 'లేఖావాహిని' అని నేను నామకరణం చేశాను. పేరు సిద్ధంగా ఉంది కనుక సగం పని అయిపోయినట్టే. మిగిలిన సగం సత్యవేణి చూసుకుంటుంది."

"వెనక సర్వరు కూడా మార్చాలాండీ?" అని అడిగింది సత్యవేణి.

"వెనక ఏముందో ఎవడు చూస్తాడమ్మా? దాన్ని అలాగే ఉంచు. ముందు వైపు మాత్రం కన్నులపండువగా ఉండాలి."

మాట చెప్పిన తీరు ఎలా ఉన్నా, అందులో సబబు ఉందనిపించింది సత్యవేణికి. వంటిల్లు పాతదే, వంటా బాగానే ఉంది. వడ్డించడానికి ఒక బల్ల వేస్తే చాలు. మెయిళ్లు తేవడం, దాచడం, పంపడం పాత సర్వరే చేస్తుంది. కొత్త ప్రోగ్రాము దాన్ని అడిగి తీసుకుని తెర మీద అందంగా పరచాలి, అంతే.

సభ అయ్యాక శేషావతారం గారు ఆవిడని గదిలోకి పిలిచారు. "ఆ ఖాళీ పోస్టు ఫైలు నా బల్ల మీదే ఉంది. లేఖావాహిని విజయవంతం కానీ. పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలి ఉంచాను" అన్నారు.

సత్యవేణి మూడు వారాలు సరిగ్గా భోజనం చెయ్యకుండా రాసింది. ఎడమ పక్కన పెట్టెలు, మధ్యలో వచ్చిన ఉత్తరాల వరస, కుడి పక్కన ఉత్తరం, పైన 'పంపు' అనే మీట. మొదటిసారి అది సర్వరుతో మాట్లాడి మెయిళ్లు తెచ్చి వరసగా పేర్చిన రోజున, కొట్లో ఎవరూ లేరు గనక, ఆవిడ కాసేపు తనలో తాను నవ్వుకుంది. నిజంగానే బాగుంది.

అందరి ముందూ ప్రదర్శన పెట్టారు. గుమాస్తా బల్ల దగ్గర 'పంపు' నొక్కగానే డైరెక్టరు గారి బల్ల మీద టింగుమంది. శేషావతారం గారు చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టారు కనుక అందరూ కొట్టారు. మేనేజరు గంటి విశ్వపతి గారు మాత్రం కొట్టలేదు. ఆయన ఆఫీసు మాన్యువల్‌ని నిద్రలో కూడా తప్పు లేకుండా చెప్పగలరని ప్రతీతి. మెలకువలో ఎలాగూ చెబుతూనే ఉంటారు.

"ఈ ఉత్తరం డైరెక్టరు గారి దాకా ఎవరు తీసుకువెళ్లారు?" అని అడిగారాయన.

"ఎవరూ తీసుకెళ్లలేదండి. సర్వరు నుంచి నేరుగా వస్తుందండి."

"ఎవరూ తీసుకువెళ్లకుండా వచ్చిన దాన్ని ఉత్తరం అనరమ్మా. ముప్పై ఏడో నిబంధన. 'ఏ తపాలైనను దఫేదారు స్వహస్తములతో అధికారి బల్లపై ఉంచి, తపాలు పుస్తకమున పొడి సంతకము చేసిన పిమ్మట మాత్రమే అందినట్లు పరిగణించవలెను.' ఇందులో చేతులేవి? సంతకమేది?"

"తొమ్మిదేళ్లుగా మెయిళ్లు ఇలాగే వస్తున్నాయి కదండీ."

"నువ్వు అచ్చు తీసి సింహాద్రికి ఇచ్చేదానివి. సింహాద్రికి చేతులున్నాయి."

సింహాద్రి తన చేతుల వంక ఒకసారి చూసుకున్నాడు. ముగ్గురు సభ్యులతో కమిటీ వేశారు. కమిటీ నాలుగుసార్లు కూర్చుని లేచి, చేతులు లేకపోవడమే లోపం కనుక చేతులు పెట్టాలని తేల్చింది. చేతులు వాటంతటవే గాల్లో ఉండవు కనుక వాటికి ఒక దఫేదారు కావాలి. లేఖావాహిని తెర మీద ఒక దఫేదారు బొమ్మ ఉండాలి, ప్రతి ఉత్తరాన్నీ ఆ బొమ్మే మోసుకువచ్చి బల్ల మీద పెట్టాలి.

బొమ్మకి సింహాద్రినే నిలబెట్టారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఛాతీకి అడ్డంగా ఎర్ర పటకా కట్టుకుని, ఇత్తడి బిళ్ల చింతపండుతో తోముకుని వచ్చాడు.

"మీసం కాత్త నల్లగా ఎయ్యండి అమ్మాయిగారూ" అన్నాడు.

"ఉన్నది ఉన్నట్టు వెయ్యమన్నారు బాబాయ్."

నెరిసిన మీసంతోనే వేసింది. మెయిలు రాగానే తెర అంచున తలుపు తెరుచుకుంటుంది. చిన్న సింహాద్రి ఉత్తరం పట్టుకుని నడిచి వచ్చి, బల్ల మీద పెట్టి, పుస్తకంలో పొడి సంతకం చేసి వెనక్కి వెళ్తాడు. అప్పుడే ఉత్తరం తెరుచుకుంటుంది. మొత్తం రెండు సెకన్ల పని. రెండు సెకన్లు ఎవరికి బరువు అనుకుంది సత్యవేణి.

విశ్వపతి గారికి బరువైంది. "ఇతను పరిగెత్తుతున్నాడు" అన్నారు. "అగ్నిప్రమాదంలో తప్ప దఫేదారు పరిగెత్తకూడదు. చూసేవాళ్లు ఆఫీసులో ఏదో జరిగిందనుకుంటారు. కార్యాలయ గాంభీర్యానికి అనుగుణమైన వేగాన్ని శాస్త్రీయంగా నిర్ణయించాలి."

శాస్త్రీయంగా నిర్ణయించడానికి ఒక గుమాస్తా గడియారం పట్టుకుని మూడు రోజులు అసలు సింహాద్రి వెనకాల తిరిగాడు. తపాలు గది నుంచి డైరెక్టరు గది దాకా నడవడానికి నాలుగు నిమిషాలు, టీకి పన్నెండు, అకౌంట్సు వాళ్లతో యోగక్షేమాలకి తొమ్మిది, గది బయట స్టూలు మీద నిరీక్షణకి పదకొండు, లోపలికి వెళ్లే ముందు దగ్గడానికీ పటకా సర్దుకోవడానికీ రెండు. వెరసి ముప్పై ఎనిమిది నిమిషాలు. సత్యవేణి ఆ లెక్క ప్రకారమే రాయవలసి వచ్చింది.

"నిజంగా ముప్పై ఎనిమిది నిమిషాలు పడుతుందా బాబాయ్?"

"కొలుత్తున్నారు కదాని కాత్త తొరగానే ఎల్లేనండి" అన్నాడు సింహాద్రి.

జులై ఒకటిన లేఖావాహిని మొదలైంది. కొబ్బరికాయ కొట్టి, కంప్యూటరుకి కుంకం బొట్టు పెట్టారు. ఆ కొబ్బరికాయ పగిలినప్పటి నుంచి మండలి పని తీరు మారిపోయింది. బొమ్మ సింహాద్రి వచ్చేటప్పటికి డైరెక్టరు గారు ఫోనులో ఉంటే బొమ్మ స్టూలు మీద కూర్చుంటుంది. ఫోను పెట్టేశాక దగ్గుతుంది. దగ్గు మరీ పొడిగా ఉందని ఒకసారి, మరీ చనువుగా ఉందని ఒకసారి మార్పించారు. అధికారులు జవాబు రాస్తే అక్షరాలు ఆకుపచ్చగా రావాలి, గుమాస్తాలు రాస్తే నీలంగా రావాలి. అవతలి ఆఫీసువాళ్లకి మాత్రం అంతా నల్లగానే కనిపించేది. ఆ సంగతి సత్యవేణి ఎవరికీ చెప్పలేదు.

అసలు సింహాద్రికి ఇప్పుడు మోయడానికి ఏమీ లేదు. కంప్యూటరు పక్కన కూర్చుని, బొమ్మ సరిగ్గా నడుస్తోందో లేదో చూడమన్నారు. ఆయన రోజంతా దాని మీద ఒక కన్ను వేసి ఉంచేవాడు.

"నాకు జూనియరండి ఆడు" అని వచ్చినవాళ్లకి చూపించేవాడు. "మంచోడే. ఎదురు మాట్టాడ్డు. టీ దగ్గరే కాత్త ఆలీసం చేత్తాడు."

సెప్టెంబరులో ఉద్యోగుల సంఘం నుంచి మహజరు వచ్చింది. తెర మీది దఫేదారు ఆదివారాలూ రెండో శనివారాలూ కూడా పని చేస్తున్నాడని, ఇది శ్రామిక లోకానికి గొడ్డలిపెట్టని, నేడు బొమ్మకి జరిగింది రేపు మనిషికి జరగదా అని అందులో ఉంది. శేషావతారం గారు శ్రామిక పక్షపాతి. "సెలవులు పెట్టేయమ్మా" అన్నారు. సత్యవేణి ఆదివారాలు పెట్టింది, పండగలు పెట్టింది, పదిహేను సాధారణ సెలవులు పెట్టింది. విశ్వపతి గారు వచ్చి చూసి, "అనారోగ్య సెలవు ఏదీ?" అన్నారు.

"బొమ్మకి జబ్బు ఎందుకు చేస్తుందండీ?"

"చెయ్యకపోవచ్చు. కానీ చేసే హక్కు ఉండాలి. చేస్తే ఏమవుతుందో నిర్దిష్టంగా ఉండాలి. పూర్తి జీతంతో నాలుగు రోజులు అని రాయి."

సత్యవేణి రాసింది. అప్పుడప్పుడు, తేదీ ముందుగా తెలియకుండా, బొమ్మకి జ్వరం వస్తుంది. అప్పుడది నాలుగు రోజులు రాదు. ఆ వరస రాస్తున్నప్పుడు సత్యవేణికి నూటఒకటి జ్వరం ఉంది. సెలవు పెడితే జీతం తెగుతుందని వచ్చింది.

బొమ్మకి మొదటి జ్వరం సరిగ్గా అక్టోబరు తుపానులో వచ్చింది.

రెండు రోజులుగా వాన. మూడో రోజు పొద్దున్న పది గంటలకి చింతలమెరక గట్టు నుంచి వర్క్ ఇన్‌స్పెక్టరు పోతురాజు పంపిన మెయిలు నల్ల తెర మీద పడింది. గట్టు రెండు చోట్ల జారుతోంది, సాయంత్రానికి ఆరువందల ఇసుక బస్తాలు కావాలి, అనుమతి ఇవ్వండి అని ఉంది. సత్యవేణి దాన్ని అచ్చు తీసి మెట్ల మీద పరుగెత్తింది. వెనకాలే సింహాద్రి.

శేషావతారం గారు కాగితం ముట్టుకోలేదు. తన తెర వంక చూశారు. స్టూలు ఖాళీగా ఉంది.

"ఈ ఉత్తరం నాకు ఇంకా రాలేదే" అన్నారు.

"మీకు వచ్చిందండి. సర్వరులో ఉందండి, నేను చూశానండి. బొమ్మ తేలేదు, అంతేనండి."

"నువ్వు చూశావు. నాకు అందలేదు. నాకు అందని ఉత్తరం మీద నేను చర్య తీసుకున్నాననుకో, దాన్ని దివ్యదృష్టి అంటారు. దివ్యదృష్టికి మన మాన్యువల్‌లో వీలు లేదు. ఉందా విశ్వపతి గారూ?"

"ఎక్కడా లేదు సార్" అన్నారు విశ్వపతి గారు, పేజీ తిప్పకుండానే.

"పోనీ, నేను తెచ్చేను కదండీ" అన్నాడు సింహాద్రి. "నాకూ చేతులున్నాయండి."

"నీ చేతులకు జులై ఒకటి నుంచి అధికారం లేదయ్యా" అన్నారు శేషావతారం గారు.

సత్యవేణి పైకి వచ్చి పోతురాజుకి ఫోను చేసింది. ఉత్తరం అందలేదని చెప్పడానికి ఆవిడకి సిగ్గేసింది.

"అందకపోతే మీకెలా తెలిసిందండీ?" అన్నాడు పోతురాజు. "సరేలెండి, ఊళ్లో జనం ఉన్నారు" అని అతను పెట్టేశాడు. ఊరివాళ్లు వడ్ల గోతాలు, ఎరువుల సంచులు, చివరికి బడి పిల్లల బల్లలు కూడా వేసి గట్టు నిలబెట్టుకున్నారు. ఎనిమిదో రోజున ఎండ ఫెళ్లున కాస్తుండగా ఆరువందల ఇసుక బస్తాలకి అనుమతి వెళ్లింది. చింతలమెరక గట్టు తెగలేదు కనుక, లేఖావాహిని వల్ల గట్లు పటిష్ఠమయ్యాయని పైకి నివేదిక పంపారు. పైనుంచి శేషావతారం గారికి అభినందన పత్రం వచ్చింది. అది ఆయనకి అందడానికి ఆరు రోజులు పట్టింది.

సత్యవేణి అప్పుడే ఆ బొమ్మని పీకి పారేయవలసింది. కోపం వచ్చిన మాట కూడా నిజం. కానీ ఫైల్లో ఆ ఖాళీ ఇంకా ఖాళీగానే ఉంది. ఆవిడ పళ్లు బిగబట్టి, దగ్గు సరిచేస్తూ కూర్చుంది.

మార్చి మొదటి వారంలో ఆడిట్ వచ్చింది. ఆడిట్ అధికారిణి సుభద్రాదేవి గారు చాలా నెమ్మదస్తురాలు. ఎవరినీ కసరరు. తపాలు పుస్తకం అచ్చు తీయించి, ఒక పూటంతా చదివి, సాయంకాలం అందరినీ పిలిచారు.

"ఎనిమిది నెలల్లో నాలుగువేల నూట పన్నెండు పొడి సంతకాలు ఉన్నాయి. ఎవరివండీ ఇవి?"

"దఫేదారువి" అన్నారు విశ్వపతి గారు.

"సింహాద్రి గారివా?"

"నావి కాదండి. ఆడియ్యండి" అని సింహాద్రి తెర చూపించాడు.

సుభద్రాదేవి గారు తెర వంక చూశారు. బొమ్మ అకౌంట్సు దగ్గర యోగక్షేమాలు కనుక్కుంటోంది.

"ఇతనికి పోస్టు ఏది? సర్వీసు రిజిస్టరు ఏది?"

"బొమ్మండి" అంది సత్యవేణి. "నేను గీశానండి."

"బొమ్మ అయితే సంతకం చెల్లదు. సంతకం చెల్లకపోతే నాలుగువేల నూట పన్నెండు ఉత్తరాలు అందనట్టు. అందని ఉత్తరాలకు డైరెక్టరు గారు జవాబులు ఇచ్చినట్టు. అది చాలా పెద్ద అభ్యంతరం అవుతుంది." ఆవిడ శేషావతారం గారి వంక సానుభూతిగా చూశారు. "సంతకం చెల్లుతుందంటే మాత్రం ఇతను ఉద్యోగి. పోస్టు లేకుండా ఉద్యోగి చేత పని చేయించడం చిన్న అభ్యంతరం. ఖాళీ పోస్టు ఏదైనా ఉంటే దానిలో సర్దుబాటు చేసేస్తే అదీ ఉండదు."

శేషావతారం గారికి నుదుటి మీద చెమట ఆరింది. "ఒకటి ఉంది" అన్నారు.

సత్యవేణి ఎప్పుడూ అధికారుల మధ్యలో మాట్లాడని మనిషి. ఆ రోజు లేచి నిలబడింది. "ఆ పోస్టు నాకిస్తామన్నారండి. నేను తొమ్మిదేళ్లుగా పని చేస్తున్నానండి. జులైకి నా వయసు దాటిపోతుందండి."

సుభద్రాదేవి గారు ఆవిడ కాగితాలు కూడా తెప్పించి చూశారు. "నీకు ఎనభై తొమ్మిది రోజులకోసారి ముగించి, ఒక రోజు విరామం ఇచ్చి, మళ్లీ తీసుకుంటున్నారు. అంచేత నీకున్నది తొమ్మిదేళ్ల సర్వీసు కాదమ్మా. ఎనభై తొమ్మిది రోజుల సర్వీసు ముప్పై ఆరుసార్లు. పర్మినెంటుకి రెండువందల నలభై రోజులు ఏకధాటిగా ఉండాలి. అతనికి ఉన్నాయి. మధ్యలో ఎప్పుడైనా ఆగిపోయాడా?"

"లేదండి."

"ఎందుకు ఆగలేదు?"

"ఆగకుండా ఉండేట్టు రాశానండి" అంది సత్యవేణి.

ఇక మిగిలినవి చిల్లర సందేహాలు. పుట్టి ఎనిమిది నెలలే కదా అని ఎవరో అన్నారు. మీసం నెరిసింది కనుక మైనరు కాడని విశ్వపతి గారు తేల్చారు. చదువు సంగతి వచ్చింది. నాలుగువేల నూట పన్నెండు ఉత్తరాల్లో ఒక్కటీ వేరేవాళ్ల బల్ల మీద పెట్టలేదు కనుక చదవడం వచ్చు. నడవడి మీద ఫిర్యాదులు లేవు. ఇంత మచ్చలేని అభ్యర్థిని తన సర్వీసులో చూడలేదని సుభద్రాదేవి గారు రాసి సంతకం పెట్టారు.

సత్యవేణి కొట్లోకి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చింది. కాసేపటికి సింహాద్రి టీ తెచ్చాడు. ఎప్పుడూ లేనిది వేడిగానే తెచ్చాడు.

"నాకు పదమూడేళ్లు పట్టిందండి పర్మినెంటు అవడానికి" అన్నాడు. "ఆడికి ఎనిమిది నెలలు. ఓ పని చేద్దారండి అమ్మాయిగారూ. మీరే కదా గీసేరు, మీరే చెరిపెయ్యండి."

"అప్పుడు తెలియలేదు బాబాయ్. ఇప్పుడు చెరిపితే ఉద్యోగిని తొలగించినట్టు. ముందు నోటీసు ఇవ్వాలి, సంజాయిషీ అడగాలి."

"ఏం సెబుతాడండి ఆడు, సంజాయిషీ?"

"ఏం చెప్పాలో కూడా నేనే రాయాలి" అంది సత్యవేణి. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు ఆగాక మళ్లీ ఏడుపొచ్చింది.

నియామకపు ఉత్తర్వు వచ్చింది. కంప్యూటరుకి బంతిపూల దండ వేశారు, కాజాలు పంచారు. ఉద్యోగంలో చేరుతున్నట్టు బొమ్మ తరఫున సత్యవేణే కాగితం కొట్టి, మెళ్లో గుర్తింపు కార్డు గీసింది. మర్నాడే విశ్వపతి గారు వచ్చి, పర్మినెంటు ఉద్యోగికి ఆర్జిత సెలవు ఉంటుందని, కుటుంబ సమేతంగా యాత్రకి వెళ్లే సౌకర్యం కూడా ఉంటుందని, ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా వెళ్లకపోతే అది మురిగిపోతుందని చెప్పారు. మార్చి ఇరవై ఆరున బొమ్మ సింహాద్రి చేతిలో సంచీతో తెర అంచున తలుపు తీసుకుని తిరుపతి వెళ్లిపోయాడు. ఏప్రిల్ ఆరున వస్తాడు. కుటుంబాన్ని గీయడానికి టైము చాలలేదు.

మార్చి ముప్పై ఒకటిన శేషావతారం గారి రిటైర్మెంటు. భుజాల మీద కప్పడానికి శాలువా, ఇవ్వడానికి గోడ గడియారం సిద్ధం చేశారు. నాలుగున్నరకి రాజధాని నుంచి ఆయన తోడల్లుడు ఫోను చేశాడు. మరో ఏడాది పొడిగింపు వచ్చింది, ఉత్తర్వు పొద్దున్నే మెయిలులో పంపారు, సమ్మతి తెలుపుతూ సాయంత్రం ఐదింటిలోగా జవాబు రాకపోతే రద్దయిపోతుంది.

శేషావతారం గారు తన తెర చూసుకున్నారు. స్టూలు ఖాళీ. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆయన మేడ మెట్లెక్కి కొట్లోకి వచ్చారు. వెనకాలే విశ్వపతి గారు వచ్చారు. డైరెక్టరు రిటైరైతే ఆ కుర్చీ మర్నాటి నుంచి విశ్వపతి గారిదే.

నల్ల తెర మీద తెల్లటి అక్షరాల్లో ఉత్తర్వు ఉంది.

"ఇదే" అన్నారు శేషావతారం గారు, రొప్పుతూ. "ఎప్పుడొచ్చింది?"

"పదకొండు గంటల రెండు నిమిషాలకండి. పంపింది కూడా పదకొండూ రెండుకేనండి."

"ఇంత త్వరగా వస్తాయా?"

"ఎప్పుడూ అంతేనండి."

"అయితే నాకు సమ్మతమేనని నువ్వే జవాబు కొట్టెయ్యమ్మా, ఇక్కణ్ణుంచే."

"ముప్పై ఏడో నిబంధన సార్" అన్నారు విశ్వపతి గారు వినయంగా. "అందని ఉత్తర్వుకి సమ్మతి తెలపడం కుదరదు. దఫేదారు తేవాలి."

"అయితే వాణ్ణి వెనక్కి పిలిపించు సత్యవేణీ. వాణ్ణి చేసింది నువ్వే కదా."

"పర్మినెంటు ఉద్యోగండి" అంది సత్యవేణి. "కాంట్రాక్టు దాన్ని, ఆయన సెలవు నేనెలా రద్దు చేస్తానండి? తమరు ఉత్తర్వు ఇవ్వాలండి."

"ఇస్తాను. ఇప్పుడే ఇస్తాను."

"ఇస్తే లేఖావాహినిలోనే పంపాలండి. దాన్ని ఆయన దగ్గరికి ఆయనే తీసుకెళ్లాలండి."

శేషావతారం గారు అక్కడున్న ఒకే ఒక్క కుర్చీలో కూలబడ్డారు. ఆయన మొహం చూస్తే సత్యవేణికి జాలేసింది. నిజంగానే జాలేసింది. కానీ జాలి వేసినంత మాత్రాన చెయ్యి ముందుకు పోలేదు.

"నిబంధనలు అటుంచు" అన్నారాయన చిన్న గొంతుతో. "నువ్వు ఇప్పుడు రెండు మీటలు నొక్కితే జవాబు వెళ్తుందా, వెళ్లదా?"

"వెళ్తుందండి."

"మరి నొక్కమ్మా. నీకు పుణ్యం ఉంటుంది."

సత్యవేణి గడియారం వంక చూసింది. ఐదు దాటి ఒక నిమిషం అయింది. ఆవిడ లేచి సంచీ తగిలించుకుంది. "ఇవాళ్టికి ఎనభై తొమ్మిది రోజులు అయిపోయాయండి. ఇప్పుడు నేను ఉద్యోగంలో లేనండి" అని చెప్పి, ఇద్దరికీ నమస్కారం పెట్టి బయటికి నడిచింది.

కింద గుమ్మం దగ్గర సింహాద్రి కలిశాడు. చేతిలో ఎవరికీ కప్పని శాలువా ఉంది.

"విశ్వపతి గారు పొద్దున్నే కుర్చీ తుడిపించేసేరండి" అన్నాడు. "మీకు కొత్త కాగితం కూడా ఇచ్చేరంట. ఎల్లుండి వచ్చెయ్యండి మరి."

"ఎలా ఇచ్చారు బాబాయ్?"

"లేఖావాహినిలో పెట్టేరండి."

"అయితే అందగానే వస్తాను" అని సత్యవేణి బస్టాపు వైపు నడిచింది.